మిషను పెడితే ఎంసీబీ పడిపోతోందా? చేతి పరికరాల మరమ్మతు, 4వ పాఠం

ముందు పోయిన పాఠం లెక్కలు సరిచూసుకుందాం. 2200 వాట్ల 14 అంగుళాల కటాఫ్ మిషను 230 వోల్టుల మీద ఎంత కరెంటు లాగుతుందని అడిగాం. 2200ను 230తో భాగిస్తే 9.6 ఆంపియర్లు. 850 వాట్ల 4 అంగుళాల గ్రైండరుకు 3.7, 1250 వాట్ల మార్బుల్ కట్టరుకు 5.4. ఈ మూడు అంకెలూ నోటుబుక్కులో ఒక మూలన రాసి పెట్టుకోండి. ఈ పాఠంలో వాటితో చాలాసార్లు పని పడుతుంది.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల రిపేరు షాపు పెట్టుకున్నవాళ్ళ దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినబడేది ఇది: "అన్నా, మిషను పెడితే చాలు, ఎంసీబీ పడిపోతా ఉండాది." అంటే బోర్డులో ఉండే బ్రేకరు దానంతట అదే ఆఫ్ అయిపోతోందని. ఈ మాట వినగానే మిషను తీసుకుని స్క్రూలు విప్పడం మొదలుపెడితే సగం సందర్భాల్లో పొద్దు వృథా అవుతుంది. తప్పు మిషనులో ఉండొచ్చు, ఎక్స్‌టెన్షన్ వైరులో ఉండొచ్చు, గోడలో ఉండొచ్చు, బోర్డులో ఉండొచ్చు. అందుకే మిషను తెచ్చినవాళ్ళను ముందు రెండు ప్రశ్నలు అడగాలి. పడింది ఏది? పడింది ఎప్పుడు? ఈ రెండింటికీ సరైన జవాబు దొరికితే, మిషను విప్పకముందే తప్పు ఏ వైపున ఉందో చాలావరకు తేలిపోతుంది.

ఏది పడింది?

బోర్డులో పక్కపక్కన రెండు రకాల బ్రేకర్లు ఉంటాయి. జనం రెండింటినీ "ట్రిప్పరు" అనే అంటారు కాబట్టి వాళ్ళ మాట మీద ఆధారపడకండి. బోర్డు ఫోటో తెప్పించుకోండి, లేదా వెళ్ళి చూడండి.

సన్నగా, ఒక్క వేలు వెడల్పు ఉండి, మీద సీ16, బీ10 లాంటి గుర్తు ఉన్నది ఎంసీబీ. అది చూసేది కరెంటు ఎక్కువైందా లేదా అన్నది మాత్రమే. దానికి రెండింతలు వెడల్పు ఉండి, టీ అని రాసిన చిన్న టెస్ట్ బటన్ ఉండి, 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉన్నది ఆర్‌సీసీబీ. పాత అలవాటు కొద్దీ చాలామంది దాన్ని ఈఎల్‌సీబీ అంటారు. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా, లేక మధ్యలో కొంత భూమిలోకి జారిపోయిందా అన్నది మాత్రమే అది చూస్తుంది. మిషను ఎంత లోడు లాగినా దానికి పట్టదు. కొన్ని బోర్డుల్లో రెండు పనులూ చేసే ఆర్‌సీబీవో ఉంటుంది. అక్కడ రెండు కోణాల్లోనూ వెతకాలి.

కాబట్టి ఎంసీబీ పడితే షార్టు కోసమో, ఓవర్‌లోడు కోసమో చూడండి. ఆర్‌సీసీబీ పడితే లీకేజీ కోసం చూడండి. ఇవి రెండు వేరు వేరు దారులు. ఒకదాని లక్షణం చూసి రెండోదాని మందు వేస్తే రోగం తగ్గదు.

ఎంసీబీ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి గట్టిగా అర్థం చేసుకుంటే తర్వాత లక్షణాలు బట్టీ పట్టక్కర్లేదు. దానిలో రెండు కాపలాదార్లు ఉంటాయి. ఒకటి రెండు లోహాలు అతికించిన పట్టీ, బైమెటల్ అంటాం. కరెంటు ఎక్కువైతే అది వేడెక్కి నెమ్మదిగా వంగి లివరును వదిలేస్తుంది. రెండోది ఒక కాయిలు. కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడితే అది అయస్కాంతమై రెప్పపాటులో తెగ్గొడుతుంది.

బైమెటల్ చాలా ఓపికైంది. 10 ఆంపియర్ల ఎంసీబీ 10 దాటగానే పడిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. 1.13 రెట్లు, అంటే 11.3 ఆంపియర్ల వరకు గంటసేపు ఇచ్చినా అది పడకూడదు. 1.45 రెట్లు, 14.5 ఆంపియర్లయితే గంటలోపు పడాలి. 2.55 రెట్లు, 25.5 ఆంపియర్లయితే నిమిషంలోపు పడాలి. మిషను పది నిమిషాలు నడిచి పడిపోయిందంటే పని చేసింది బైమెటల్.

కాయిలు అంత ఓపిక పట్టదు. దాని హద్దు ఎక్కడుందో చెప్పేదే బీ, సీ, డీ అన్న అక్షరం. బీ అయితే రేటింగుకు 3 నుంచి 5 రెట్లలోపు, సీ అయితే 5 నుంచి 10 రెట్లలోపు, డీ అయితే 10 నుంచి 20 రెట్లలోపు ఎక్కడో ఒకచోట తెగ్గొడుతుంది. ఇప్పుడు మన కటాఫ్ మిషను లెక్క తీయండి. నడిచేటప్పుడు 9.6 ఆంపియర్లు. మోటారు కదలక ముందు, స్విచ్ నొక్కిన ఆ క్షణంలో, దానికి కొన్ని రెట్లు లాగుతుంది. 5 నుంచి 8 రెట్లు అనుకుంటే 48 నుంచి 77 ఆంపియర్లు. బీ10 ఎంసీబీ 30 నుంచి 50 మధ్యలోనే తెగ్గొడుతుంది కాబట్టి ఈ మిషనుకు అది నిలవదు. సీ10 హద్దు 50 నుంచి 100 మధ్యలో ఉంటుంది కాబట్టి ఒకసారి స్టార్టవుతుంది, ఇంకోసారి పడిపోతుంది. సీ16 హద్దు 80 దగ్గర మొదలవుతుంది, అది నిలుస్తుంది.

"ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు" అన్న మాట వింటే చాలామంది లూజు కనెక్షన్ అనుకుంటారు. కావచ్చు. కానీ స్విచ్ నొక్కిన క్షణాన ఏసీ తరంగం ఏ ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి స్టార్టింగ్ కరెంటు మారుతుంది. మిషనులో ఏ లోపమూ లేకుండానే ఇలా జరగొచ్చు. ముందు ఎంసీబీ మీద అక్షరమూ అంకె చదవండి.

రెండు పిన్నుల మిషను ఆర్‌సీసీబీని పడేస్తే

ఈ సంగతి కాస్త నిలబడి చెప్పుకోవాలి. ఇప్పుడు వచ్చే గ్రైండర్లు, డ్రిల్లులు చాలావాటి ప్లేటు మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది. డబుల్ ఇన్సులేషన్ అని దాని అర్థం. వైరులో రెండే కోర్లు, ఎర్తు వైరు ఉండదు. ఎర్తు వైరే లేనప్పుడు కరెంటు భూమిలోకి ఎలా పోయింది? మూడే దారులున్నాయి. తడి నేల మీద పడి ఉన్న వైరుకు ఎక్కడో కోత పడి అక్కడి నుంచి పోయి ఉండాలి. లేదా మిషను మెటల్ భాగం నుంచి, కోస్తున్న ఇనుప చట్రం ద్వారా పోయి ఉండాలి. లేదా పట్టుకున్న మనిషి చేతి నుంచి కాళ్ళలోకి పోయి ఉండాలి.

మూడోది జరిగి ఉంటే ఆ ఆర్‌సీసీబీ ఒక ప్రాణం కాపాడినట్టే. అలాంటి మిషనును "ఇంకోసారి పెట్టి చూద్దాం" అని ఎక్కించకూడదు. దాన్ని పక్కన పెట్టి, కింద చెప్పే మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) పరీక్ష అయ్యేదాకా ప్లగ్గులో పెట్టొద్దు. సైటులో ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా లైను ఇచ్చేవాళ్ళు ఉంటారు. మీరు ఆ పని చేయకండి, ఎవరు అడిగినా చేయకండి.

ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తప్పకుండా పడాలి, 15 లోపు పడకూడదు. ఆ మధ్యలో ఎక్కడైనా పడొచ్చు, చాలావి 20 నుంచి 25 మధ్యలో పడతాయి. ఇంట్లో కంప్యూటరు, ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, ఇన్వర్టరు ఒక్కోటి రెండు మూడు మిల్లీ ఆంపియర్లు సహజంగానే లీకు చేస్తుంటే బ్రేకరు అప్పటికే సగం దూరం వచ్చేసి ఉంటుంది. డ్రిల్లు నుంచి ఇంకాస్త కలిస్తే చాలు. అందుకే మిగతా ప్లగ్గులన్నీ తీసేసి మళ్ళీ చూడాలి. అప్పుడు పడకపోతే తప్పంతా డ్రిల్లుదే అనకండి.

ఇంకో రకం ఉంది, దీనివల్ల చాలామంది మోసపోతారు. ఇంట్లో ఒక రూము న్యూట్రల్ ఇంకో ఆర్‌సీసీబీ కింద ఉన్న న్యూట్రల్‌తో కలిసిపోయి ఉంటుంది, లేదా న్యూట్రల్ ఎక్కడో ఎర్తుకు తగిలి ఉంటుంది. చిన్న లోడు పెట్టినప్పుడు ఏమీ కాకపోవచ్చు. 1000 వాట్ల మిషను పెట్టగానే తిరిగి రావాల్సిన కరెంటులో కొంత వేరే దారిన పోయి బ్రేకరు పడుతుంది. గుర్తు పట్టడం తేలిక. అదే ప్లగ్గులో ఇస్త్రీ పెట్టె పెట్టండి. దానికీ పడితే మిషను జోలికి వెళ్ళొద్దు, వైరింగు చూడండి.

ఎప్పుడు పడింది?

ఇదే ఈ పాఠానికి గుండెకాయ. మిషను తెచ్చిన మనిషికి తొందర ఉంటుంది, మీరు తొందరపడకుండా అడగండి.

ప్లగ్గు పెట్టి, బోర్డు స్విచ్ వేయగానే, మిషను స్విచ్ ఇంకా నొక్కకముందే ఎంసీబీ పడిందా? అయితే మోటారు దాకా వెళ్ళక్కర్లేదు. ప్లగ్గు టాపు లోపల తెగిన నరాలు ఒకదానికొకటి తగులుతున్నాయి, లేదా వైరు మిషనులోకి దూరే చోట నలిగింది, లేదా స్విచ్‌కు ముందు వేసిన కెపాసిటరు షార్టయింది. వైరు మిషనులోకి దూరేచోట రబ్బరు తొడుగు ఉంటుంది కదా, దానికి లోపల రెండు అంగుళాల్లో తప్పు దొరకడం చాలా మామూలు. వైరు పట్టి మిషను లాగేవాళ్ళ చేతిలో అక్కడే ముందు తెగుతుంది.

ఇదే దశలో ఆర్‌సీసీబీ పడితే మాత్రం మోటారును పూర్తిగా వదిలేయకండి. మిషను స్విచ్ ఒక్క వైరునే తెంచే రకమైతే, ఆ వైరు న్యూట్రల్ అయినప్పుడు, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా కాయిలంతా ఫేజులోనే ఉంటుంది. కాయిలు లీకు ఉంటే అప్పుడే బయటపడుతుంది. రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గును తిప్పి పెడితే లక్షణం మారిపోయిందని ఎవరైనా చెప్పారంటే, లీకు కాయిలు వైపున ఉందన్నమాట.

మిషను స్విచ్ నొక్కిన క్షణంలోనే, మోటారు కదలకుండానే ఎంసీబీ పడిందా? పైన చెప్పిన స్టార్టింగ్ కరెంటు లెక్క ముందు చూడండి. అది సరిపోతే ప్లగ్గు పీకి, బ్లేడు చేత్తో తిప్పండి. ఆర్మేచరు (మోటారులో తిరిగే భాగం) బిగుసుకుపోయి ఉంటే, బేరింగు జామై ఉంటే, మోటారు కదలలేక స్టార్టింగ్ కరెంటునే అదేపనిగా లాగుతుంది. తేలిగ్గా తిరిగితే ఫీల్డు కాయిలు (ఆర్మేచరు చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్ట), ఆర్మేచరు మీద అనుమానం. పెద్ద మిషన్లలో నెమ్మదిగా స్టార్ట్ చేసే సాఫ్ట్ స్టార్టు మాడ్యూలు ఉంటుంది. ఇదివరకు మెల్లగా లేచే మిషను ఇప్పుడు చేతిలో ఒక్కసారిగా ఎగిరి ఎంసీబీని పడేస్తుంటే ఆ మాడ్యూలు పోయినట్టే.

నిమిషాల తర్వాత పడిందా? అది బైమెటల్ పని అని చెప్పుకున్నాం. అదే లైనులో ఇంకేం నడుస్తున్నాయో అడగండి. కటాఫ్ మిషను 9.6 ఆంపియర్లు, అదే ఎంసీబీ మీద 2000 వాట్ల గీజరు 8.7. కలిపితే 18.3. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది 1.14 రెట్లు. కాసేపు ఓర్చుకుని ఎప్పుడో పడొచ్చు.

కోస్తున్నప్పుడు మాత్రమే పడుతుందా? ముందు బ్లేడు చూడండి. గ్రానైటు కోసే డైమండ్ బ్లేడు కొన్నాళ్ళకు అంచు నున్నబడిపోతుంది. కోత పడక మనిషి గట్టిగా నొక్కుతాడు, మోటారు వేగం తగ్గి కరెంటు పెరుగుతుంది. ఆ బ్లేడుతో గరుకు సిమెంటు ఇటుకలో నాలుగైదు కోతలు పెడితే పాత లోహం అరిగి కొత్త డైమండ్ రేణువులు బయటికి వస్తాయి. అయిదు నిమిషాల పనితో తీరిపోయే ఈ తప్పుకు ఆర్మేచరు మార్పించినవాళ్ళు ఉన్నారంటే బాధేస్తుంది.

మిషను ఆపుతున్నప్పుడు ఆర్‌సీసీబీ పడటం అరుదు. మిగతా సామాన్ల లీకేజీ వల్ల అది అప్పటికే అంచున ఉందని దాని సూచన.

మిషనా, లైనా?

ఇప్పుడు మార్చి చూసే పరీక్ష. ఇదే మిషనును, అంతే రేటింగున్న ఇంకో లైనులో పెట్టండి. ఈ లైనులో, ఇంచుమించు అంతే కరెంటు లాగే వేరే సామాను పెట్టండి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3 ఆంపియర్లు, 2000 వాట్ల గీజరు 8.7. తప్పు మిషనుతో పాటు వెళ్ళిందా, లైనులోనే ఉండిపోయిందా తెలిసిపోతుంది. ఒక షరతు ఉంది. ప్లగ్గు పెట్టగానే ధడేల్మని పడిన మిషనుకు, షాకు కొట్టిన మిషనుకు ఈ పరీక్ష చేయకూడదు. షార్టు మీద ఎంసీబీని మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తే దాని కాంటాక్టులు కాలిపోతాయి. మిగతా మిషన్లకు ఒకసారి ఎక్కించి చూడండి, మళ్ళీ పడితే ఆపేయండి.

ఎక్కించే ముందు తప్పకుండా చేయాల్సింది ఒకటుంది. మిషను స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. గ్రైండరు స్లైడ్ స్విచ్ లాక్ పడి ఉంటే, బోర్డు దగ్గర ఎంసీబీ ఎత్తగానే అక్కడ నేల మీద పడి ఉన్న మిషను తిరగడం మొదలుపెడుతుంది. పక్కన పిల్లలు ఉండొచ్చు.

ఎక్స్‌టెన్షన్ బాక్సును ఎప్పుడూ విడిగా పరీక్షించండి. చుట్టలో ఉన్న వైరు మీద లోడు నడిపితే లోపలి చుట్లు వేడెక్కి ఇన్సులేషన్ మెత్తబడుతుంది, పూర్తిగా విప్పి వాడాలి. సన్నటి వైరు ఇంకో సమస్య. 0.75 చదరపు మి.మీ. రాగి ఫ్లెక్సిబుల్ వైరు 30 మీటర్లు వేస్తే, పోనూ రానూ 60 మీటర్లకు సుమారు 1.56 ఓంలు. 9.6 ఆంపియర్లకు 15 వోల్టులు వైరులోనే పోతాయి. 2.5 చదరపు మి.మీ. అయితే 5 వోల్టుల లోపే. టేబుల్ సా, కంప్రెసరు లాంటి ఇండక్షన్ మోటార్లకు ఈ తేడా చాలా ముఖ్యం. వోల్టేజీ తక్కువైతే అవి వేగం అందుకోవడానికి ఎక్కువసేపు తీసుకుంటాయి, అంతసేపూ స్టార్టింగ్ కరెంటు లాగుతూనే ఉంటాయి, ఎంసీబీ పడుతుంది. స్టార్టయ్యే క్షణంలో ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూడండి. 207 కంటే కిందికి పడుతుంటే వైరు మార్చాలి. మీటరు బోర్డు దగ్గరే అంత తక్కువ ఉంటే అది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ చూడాల్సిన పని. 1912కు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి.

విప్పకుండా చేసే పరీక్షలు

పోయిన పాఠంలో చేసిన సిరీస్ బల్బు బోర్డు, అంటే మిషనుకు కరెంటు బల్బు గుండానే వెళ్ళేలా కట్టిన బోర్డు తీయండి. అందులో 100 వాట్ల ఫిలమెంటు బల్బే ఉండాలి. ఎల్ఈడీ పనికిరాదు, చిన్నపాటి కరెంటుకే వెలిగి తప్పుదారి పట్టిస్తుంది.

మిషను స్విచ్ ఆఫ్‌లో ఉంచి, సిరీస్ బోర్డులో ప్లగ్గు పెట్టండి. బల్బు వెలిగిందంటే వైరులోనో, స్విచ్‌లోనో, కెపాసిటరులోనో షార్టు ఉంది. వెలగకపోతే వైరును ప్లగ్గు దగ్గర, మిషను దగ్గర నాలుగు వైపులా వంచి చూడండి. మినుక్కుమంటే చోటు దొరికినట్టే. వైరును పొడి చేత్తోనే పట్టుకోండి, మెటల్ భాగాన్ని తాకకండి, దీనిలో కరెంటు ఉంది.

ఇప్పుడు స్విచ్ నొక్కండి. ఇక్కడ చాలామంది తప్పు చదువుతారు. బల్బు నిండుగా వెలిగితే మోటారు షార్టు అని తేల్చేస్తారు. 1000 వాట్లకు పైబడిన మంచి మోటారు కాయిలు నిరోధం కూడా కొద్ది ఓంలే, వెలుగుతున్న 100 వాట్ల బల్బుది 529 ఓంలు. కాబట్టి మోటారు బాగున్నా బల్బు దాదాపు నిండుగానే వెలుగుతుంది. అసలు వెలగకపోతే మాత్రం కార్బన్లు (తిరిగే ఆర్మేచరుకు కరెంటు అందించే బ్రష్షులు) అరిగాయి, లేదా స్విచ్ పోయింది, లేదా కాయిలు తెగింది.

ప్లగ్గు పీకి మల్టీమీటరుతో రెండు పిన్నుల మధ్య, స్విచ్ నొక్కి, ఓంలు చూడండి. అదే మోడలు మంచి మిషనుతో పోల్చడమే దీనికి సరైన పద్ధతి. బ్లేడును మెల్లగా చేత్తో తిప్పుతుంటే రీడింగు ఇంచుమించు నిలకడగా ఉండాలి. ఒక చోట తెగిపోతే కమ్యుటేటరు (ఆర్మేచరు మీద కార్బన్లు ఆనే రాగి పట్టీల వలయం) మీద ఆ పట్టీ దగ్గర తప్పు ఉంది. స్పీడు కంట్రోలు ఉన్న మిషన్లకు ఈ రీడింగు నమ్మొద్దు, మధ్యలో ఎలక్ట్రానిక్ బోర్డు అడ్డుంటుంది.

లీకేజీకి మాత్రం మెగ్గర్ తప్పదు. 30 మిల్లీ ఆంపియర్లు లీకు కావడానికి 7,700 ఓంల దారి చాలు. ఆ దారిలో 100 వాట్ల బల్బు కొంచెమైనా ఎర్రబడదు. మల్టీమీటరు ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీకి ఆ లీకు కనబడకనూ పోవచ్చు. బల్బు వెలగలేదు కాబట్టి బాడీ షాకు లేదని ఎవరికీ మాట ఇవ్వకండి. 500 వోల్టుల మెగ్గర్ తీసుకుని, ప్లగ్గు రెండు పిన్నులూ ఒక తీగతో కలిపి ఒక లీడు అక్కడ పెట్టండి, రెండో లీడు గేరు హౌసింగ్ మెటల్‌కో స్పిండిలుకో పెట్టండి. మిషను స్విచ్ ఆన్‌లో లాక్ చేసి ఉండాలి, లేకపోతే కాయిలు పరీక్షలోకే రాకపోవచ్చు. నిమిషం పాటు చూడండి. మంచి పొడి మిషను పదుల, వందల మెగా ఓంలు చూపిస్తుంది. 2 మెగా ఓంల కంటే తక్కువైతే దాన్ని కస్టమరుకు తిరిగి ఇవ్వకండి.

మూడు పిన్నుల మిషనుకు ఇంకో కొలత కూడా ఉంది. ఎర్తు పిన్ను నుంచి మెటల్ బాడీకి అర ఓం లోపు ఉండాలి. ఎర్తు పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు వస్తే, ముందు ప్లగ్గు మార్చి, తర్వాత మిగతా పని చూడండి.

నీళ్ళు, గ్రానైటు బురద

చిత్తూరు జిల్లాలో గ్రానైటు పని ఎక్కువ. నీళ్ళు పోస్తూ కోసే మార్బుల్ కట్టర్లది ప్రత్యేకమైన జబ్బు. పొద్దున పది నిమిషాలు బాగా నడుస్తుంది, తర్వాత ఆర్‌సీసీబీ పడుతుంది. రాత్రంతా పక్కన పెడితే మర్నాడు పొద్దున మళ్ళీ బాగుంటుంది. రిపేరు షాపుకు తెచ్చేసరికి తప్పు కనబడదు.

జరిగేది ఇది. కార్బన్లు అరిగిన పొడి కరెంటును పారనిస్తుంది. అది కార్బన్ హోల్డరు చుట్టూ, ఆర్మేచరు షాఫ్టు ఇన్సులేషన్ మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు పెద్దగా బాధించదు. బ్లేడు చిమ్మిన నీళ్ళు గాలి రంధ్రాల్లోంచి లోపలికి వెళ్ళి దాన్ని తడిపితే, ఆ నల్ల బురద కార్బన్ నుంచి మెటల్ దాకా దారి వేస్తుంది. వైరు వెంట జారిన నీళ్ళు కూడా లోపలికే వస్తాయి. అందుకే నడుపుతున్నప్పుడు వైరు మిషనులోకి దూరేచోటు కంటే కిందికి ఒక వంపు వేలాడేలా ఉంచాలి, నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

శుభ్రం చేయడానికి కంప్రెసరు గాలి వాడొచ్చు. ముందు ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి లోపలి నీళ్ళు వదిలేయండి. లేకపోతే గాలితో పాటు నీళ్ళు కూడా లోపలికి కొడతారు. కళ్ళద్దాలు పెట్టుకోండి, కార్బన్ పొడి కళ్ళలో పడుతుంది. తర్వాత ఎండలో ఒక రోజంతా ఆరబెట్టండి. పొయ్యి మంట మీద, హీటరు ముందు పెట్టొద్దు, కాయిలు మీద వార్నిష్ పగులుతుంది. ఆరిన తర్వాత మెగ్గర్ మళ్ళీ పెట్టండి. పొడిగా ఉన్నా 2 మెగా ఓంలు దాటకపోతే తేమ కాదు, ఇన్సులేషనే పోయింది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో ఈ ఫిర్యాదు గ్రానైటు సంబంధం లేని మిషన్లకూ వస్తుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి లోతట్టు కాలనీలు మునిగాయి. అలా నీట మునిగిన మిషనును, పైకి ఎంత పొడిగా కనబడినా, విప్పి కడిగి ఆరబెట్టి మెగ్గర్ చూడకుండా ప్లగ్గులో పెట్టకూడదు. బురద నీరు బేరింగులోకీ స్విచ్‌లోకీ వెళ్ళి ఉంటుంది.

బోర్డు వైపు

మే నెలలో మాత్రమే పడుతుంది, చలికాలంలో బాగుంటుంది అంటే బోర్డు ఎక్కడుందో చూడండి. ఎంసీబీ రేటింగు 30 డిగ్రీల దగ్గర లెక్కగట్టింది. పడమటి గోడకు ఎండ కొట్టే రేకుల షెడ్డులో, మూసిన ఇనుప పెట్టెలో, బయటే 40 డిగ్రీలు దాటితే లోపల ఇంకెంతో. బైమెటల్ అప్పటికే సగం వంగి ఉంటుంది, 16 అని రాసి ఉన్నా అంతకంటే తక్కువకే పడుతుంది. పక్కపక్కన రెండు ఎంసీబీలూ నిండు లోడు మోస్తుంటే ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది. పెట్టెను నీడకు మార్చడం, గాలి ఆడేలా చేయడం సరైన మందు.

ఎంసీబీ స్క్రూ లూజుగా ఉన్నా ఇదే లక్షణం. మెయిన్ ఆఫ్ చేసి చూస్తే ఆ వైరు చివర ఇన్సులేషన్ గోధుమరంగుకు తిరిగి, పెళుసెక్కి ఉంటుంది. మాడిన ముక్క కోసి, కొత్త రాగి బయటికి తీసి గట్టిగా బిగించండి. ఎంసీబీ టెర్మినలు కూడా కాలి ఉంటే దాన్ని మార్చండి.

ఇక అందరూ అడిగేది. "16 తీసి 32 పెట్టేద్దామా?" వద్దు. ఎంసీబీ కాపాడేది మిషనును కాదు, గోడలో ఉన్న వైరును. 1.5 చదరపు మి.మీ. వైరు మీద 32 ఆంపియర్ల ఎంసీబీ పెడితే, ఓవర్‌లోడుకు ఎంసీబీ పడదు, వైరు గోడలోనే కాలుతుంది. 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు ఉన్నచోట బీ16 తీసి సీ16 పెట్టడం వేరే సంగతి. అక్కడ ఆంపియర్లు మారడం లేదు, స్టార్టింగ్ కరెంటుకు కాస్త ఓపిక మాత్రమే పెరుగుతోంది. అది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను ఎర్తింగు చూసి చేయాల్సిన పని.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సినవి

మీ ఇంటి బోర్డులో ప్రతి బ్రేకరు మీద ఉన్న అక్షరం, అంకె రాసుకోండి. ఆర్‌సీసీబీ టీ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడండి. పడకపోతే వెంటనే మార్పించండి.

తర్వాత ఈ లెక్క చేయండి. తిరుచానూరు రోడ్డులో ఒక ఇంటి పనికి 1250 వాట్ల మార్బుల్ కట్టరు తెచ్చారు. అది రెండు పిన్నుల డబుల్ ఇన్సులేషన్ మిషను. 0.75 చదరపు మి.మీ. ఎక్స్‌టెన్షన్ 30 మీటర్లు, సగం చుట్టలోనే ఉంది. బోర్డులో బీ6 ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. స్విచ్ నొక్కగానే మూడుసార్లలో రెండుసార్లు ఎంసీబీ పడుతోంది. నీళ్ళు పోస్తూ కోస్తే పావుగంటకు ఆర్‌సీసీబీ పడుతోంది. రెండింటికీ కారణాలు వేరు వేరుగా రాయండి, వైరులో పోయే వోల్టులు లెక్కగట్టండి, మీరు ముందుగా ఏ పరీక్ష చేస్తారో, ఏది అస్సలు చేయరో రాయండి.

5వ పాఠంలో మిషను విప్పుతాం. కార్బన్లు ఎంత అరిగితే మార్చాలి, కమ్యుటేటరు చుట్టూ నిప్పురవ్వల వలయం కనబడితే దాని అర్థమేమిటి, ఫీల్డు కాయిలు రెండు సగాలనూ ఎలా పోల్చాలి అన్నవి చూద్దాం. ఒక పాత గ్రైండరు, 500 వోల్టుల మెగ్గర్, సన్నటి ఫ్లాట్ స్క్రూడ్రైవరు, పెయింటు బ్రష్షు సిద్ధంగా పెట్టుకోండి.